ఒకే మోడల్, రెండు రకాల స్క్రీన్లు: ఎస్‌ఎస్‌డీ, డిస్‌ప్లే రెండూ మార్చొచ్చా?

వానచినుకు

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు.

నాదీ, ఆఫీసులో నా పక్క సీటావిడదీ ఒకే ల్యాప్‌టాప్. 15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ. అడుగున స్టిక్కర్ మీద మోడల్ పేరు, ప్రాసెసర్ అన్నీ అచ్చం ఒకటే. మొన్న రెండూ పక్కపక్కన పెట్టి ఒకే ఫొటో తెరిచాం. ఆవిడ స్క్రీన్ మీద గులాబీ ఎర్రగా ఉంది, నా దాంట్లో ఇటుక రంగులో ఉంది. తెల్ల పేజీ తెరిస్తే నాది నీలం కలిసిన బూడిద రంగు. బ్రైట్‌నెస్ రెండిట్లోనూ ఫుల్లే. సెట్టింగులన్నీ తిప్పి చూశాను, తేడా ఏమీ రాలేదు. నా దాంట్లో డిస్‌ప్లే పాడైందా, లేక మొదటి నుంచీ ఇంతేనా?

ఇంకోటి, ఫైళ్లు దాచే 256 జీబీ స్టోరేజ్ కార్డు, అంటే ఎస్‌ఎస్‌డీ, నిండిపోయింది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఏది తీసేయాలా అని వెతుక్కోవాల్సి వస్తోంది. ఎలాగూ విప్పుతాం కాబట్టి 1 టీబీ వేసి, డిస్‌ప్లే కూడా మార్చేద్దామని ఉంది. చేయదగ్గ పనేనా?

పిక్సెల్‌పిచ్చి

పాడవలేదండీ. పుట్టడమే అలా పుట్టింది.

ల్యాప్‌టాప్ కంపెనీలు డిస్‌ప్లే ప్యానెళ్లను తామే తయారు చేసుకోవడం అరుదు. ఏయూ ఆప్ట్రానిక్స్, బీఓఈ, ఇన్నోలక్స్, ఎల్‌జీ డిస్‌ప్లే లాంటి వాళ్ల దగ్గర కొంటాయి. ఒకే మోడల్‌కి ఇద్దరు ముగ్గురు సరఫరాదారులు ఉంటారు. స్పెసిఫికేషన్ కాగితంలో "15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్" అని రాస్తే చాలు, ఆ మూడు మాటలకూ సరిపోయే ఏ ప్యానెల్ వేసినా వాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. ఆవిడకి మంచిది వచ్చింది, మీకు చవకది వచ్చింది.

ముందు మీ దాంట్లో ఏముందో చూడండి. డివైస్ మేనేజర్‌లో మానిటర్స్ కింద ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. మొదటి మూడు అక్షరాలు తయారీదారువి: ఏయూఓ, బీఓఈ, ఎల్‌జీడీ అంటే పేరులోనే తెలుస్తుంది. సీఎంఎన్ అని ఉంటే ఇన్నోలక్స్. పూర్తి పార్ట్ నంబర్ కావాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టి మానిటర్ విభాగం చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆవిడ ల్యాప్‌టాప్‌లో కూడా చూసి రెండూ ఇక్కడ పెట్టండి.

ఎర్ర గులాబీ ఇటుక రంగులోకి మారిందంటే నా అంచనా 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి తెర ఎన్ని రంగులు చూపగలదో కొలిచే ప్రమాణాలు. అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపించలేదు. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే అది దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. లేని రంగును సెట్టింగులతో తెప్పించలేం.

స్క్రూడ్రైవర్

రిపేర్ పని చేస్తాను, అందుకని సూటిగా చెప్తా. రెండూ చేయొచ్చు. కానీ ఒకే రోజు రెండూ మొదలుపెట్టకండి. ఎస్‌ఎస్‌డీ మార్చడం తేలిక. ప్యానెల్ అలా కాదు. రెండూ కలిపి చేశాక మెషీన్ ఆన్ కాకపోతే తప్పెక్కడుందో పట్టుకోలేక టెన్షన్ పడతారు.

ఎస్‌ఎస్‌డీ కొనకముందే అడుగు మూత విప్పి మూడు సంగతులు చూసి రాయండి. ఇప్పుడున్న కార్డు పొడవెంత? 2280 అంటే వెడల్పు 22 మి.మీ., పొడవు 80. 2242 అంటే పొడవు 42. 2230 ఇంకా పొట్టిది. రెండోది, అది సాటానా (పాత, నెమ్మది పద్ధతి), ఎన్‌వీఎంఈనా (కొత్త, వేగం పద్ధతి)? రెండూ ఒకే ఎం.2 ఆకారంలో ఉంటాయి, చూసి మోసపోవద్దు. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటా కార్డు పెడితే కూర్చుంటుంది కానీ పని చేయదు. మూడోది, కార్డుకీ మూతకీ మధ్య ఖాళీ ఎంత ఉంది. రెండు వైపులా చిప్స్ ఉన్న కార్డులు సన్నటి ల్యాప్‌టాప్‌లలో పట్టవు.

టర్బో

ఇంత ఆలోచన ఎందుకండీ? సెకనుకు 7000 ఎంబీ వేగం ఉన్న జెన్ 4 (నాలుగో తరం) ఎస్‌ఎస్‌డీ తీసుకుని పెట్టేయండి. ఎక్కువ వేగం ఉన్నది కొంటే నష్టం లేదుగా.

లినక్స్‌లచ్చన్న

> ఎక్కువ వేగం ఉన్నది కొంటే నష్టం లేదుగా

ఉంది తమ్ముడూ. స్లాట్ జెన్ 3 అయితే ఆ కార్డు 3500 దగ్గరే ఆగుతుంది. కొన్ని చవక ల్యాప్‌టాప్‌లలో స్లాట్‌కి నాలుగు లేన్లు (డేటా వెళ్లే దారులు) కాకుండా రెండే ఇస్తారు, అప్పుడు 1700 చుట్టూ. అక్కడ 7000 అని తాటికాయంత అక్షరాలతో రాసిన డబ్బా కొనడం వల్ల వచ్చేదేమీ లేదు, కొన్ని వేగం కార్డులు వేడి ఎక్కువ, కరెంటు ఎక్కువ లాగుతాయి. ల్యాప్‌టాప్‌లో రెండూ నష్టమే.

డబ్బా మీద వేసే ఆ అంకె ఒక పెద్ద ఫైలును వరసగా చదివేటప్పటిది. మనం రోజూ చేసే పని చిన్న చిన్న ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటి చదవడం. అక్కడ జెన్ 3కీ జెన్ 4కీ మీ కంటికి తేడా తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పటి తేడా వేరు, అది మళ్లీ రాదు.

చూడాల్సింది అసలు లోపల ఏ నాండ్ (డేటా దాచే చిప్పు) ఉందో. టీఎల్‌సీ అయితే ఒక్కో సెల్‌లో మూడు బిట్లు, క్యూఎల్‌సీ అయితే నాలుగు. క్యూఎల్‌సీ నేరుగా రాయడంలో బాగా నెమ్మది. ఆ లోపం కనపడకుండా ఖాళీ జాగాలో కొంత భాగాన్ని సెల్‌కి ఒక్క బిట్టు చొప్పున వాడి, ముందు అక్కడ గబగబా రాసేసి, తర్వాత తీరిగ్గా సర్దుకుంటుంది. దాన్నే ఎస్‌ఎల్‌సీ క్యాష్ అంటారు. నాలుగు బిట్లు పట్టే చోట ఒకటే పెడుతుంది కాబట్టి 1 జీబీ క్యాష్‌కి 4 జీబీ ఖాళీ కావాలి. డ్రైవ్ నిండేకొద్దీ క్యాష్ కుంచించుకుపోతుంది. అప్పుడు పెద్ద ఫోల్డర్ కాపీ పెడితే మొదట పరుగెత్తి, మధ్యలో సెకనుకు 100 ఎంబీకి పడిపోతుంది. అంటే పాత హార్డ్ డిస్క్ వేగం. కొన్న కొత్తలో ఖాళీ డ్రైవ్ మీద టెస్ట్ చేసి "సూపర్" అని రివ్యూ రాసేవాళ్లకి ఇది కనపడదు.

టర్బో

సరే అన్నా, క్యూఎల్‌సీ అయితే తొందరగా అరిగిపోతుంది కూడా కదా? టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టీబీ రాయొచ్చని కంపెనీ ఇచ్చే లెక్క) తక్కువుంటుంది.

లినక్స్‌లచ్చన్న

ఆ భయం మాత్రం అనవసరం. 1 టీబీ టీఎల్‌సీకి 600 టీబీడబ్ల్యూ సాధారణం, క్యూఎల్‌సీకి 200, 220 అలా ఇస్తారు. రోజుకు 30 జీబీ రాశావనుకో, ఏడాదికి 11 టీబీ. 220 కరగడానికే ఇరవై ఏళ్లు. అప్పటికి ల్యాప్‌టాప్ ఉండదు. ఎస్‌ఎస్‌డీలు చాలాసార్లు పోయేది కంట్రోలర్ (కార్డును నడిపే చిప్పు) చచ్చిపోయి, ముందు చెప్పకుండా. కాబట్టి బ్యాకప్ పెట్టుకో, టీబీడబ్ల్యూ లెక్కలు వదిలెయ్.

డీర్యామ్ (కార్డు సొంత తాత్కాలిక మెమరీ) లేని కార్డుల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తా. ఎన్‌వీఎంఈ కార్డు అయితే హోస్ట్ మెమరీ బఫర్ అని మీ ల్యాప్‌టాప్ ర్యామ్‌లోంచే కాస్త వాడుకుంటుంది. మామూలు వాడకానికి చాలు. డీర్యామ్ లేని సాటా కార్డుకి ఆ సౌకర్యం లేదు, అది వద్దు.

పాతకాపు

డిస్‌ప్లేలకే కాదు, ఎస్‌ఎస్‌డీలకీ ఈ లాటరీ ఉంది. 2021లో ఒకటి కాదు, పేరున్న రెండు మూడు కంపెనీలు పాత పేరుతోనే, పాత డబ్బాలోనే లోపలి నాండో కంట్రోలరో మార్చి అమ్మాయని హార్డ్‌వేర్ సైట్లు పరీక్షించి బయటపెట్టాయి. వెస్టర్న్ డిజిటల్ తన ఎస్‌ఎన్550 విషయంలో మార్పు చేశామని ఒప్పుకుంది కూడా. మొదటి రివ్యూల్లో వచ్చిన మంచి పేరును తర్వాత సరుకుకి వాడుకోవడం ఇది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అసలు నన్నడిగితే ఈ ల్యాప్‌టాప్ మీద ఇంక పెట్టుబడి పెట్టొద్దు. స్టోరేజ్ మార్చుకోండి, కాదనను. స్క్రీన్ సంగతి వదిలేసి ఒక మంచి మానిటర్ తగిలించుకోండి. తెర మూత విప్పితే హింజ్ (మూతను పట్టి ఉంచే మడత బందు) ఊడుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హింజ్ స్క్రూలు పట్టుకుని ఉండేది ప్లాస్టిక్‌లో వేడి చేసి దించిన చిన్న ఇత్తడి నట్లనే. ఒకసారి ప్లాస్టిక్ చిట్లిందంటే మూత తెరిచినప్పుడల్లా అంచు విచ్చుకుంటుంది.

స్క్రూడ్రైవర్

పాతకాపు గారూ, హింజ్ ఊడేది విప్పినందుకు కాదు. గ్రీజు ఎండి బిగుసుకుపోయిన హింజ్‌ని ఏళ్ల తరబడి ఒక మూల పట్టుకుని లాగి తెరవడం వల్ల. నా దగ్గరకు వచ్చేవాటిలో విరిగింది ఎక్కువగా ఒక్క వైపే. మూత మధ్యలో పట్టుకుని తెరిచేవాళ్ల ల్యాప్‌టాప్‌లకి ఆ బాధ తక్కువ. విప్పినప్పుడు బిగుసుకున్న హింజ్ నట్టు కొద్దిగా వదులు చేస్తే పాత మూత ఇంకొన్నాళ్లు బతుకుతుంది.

వానచినుకు

అందరికీ చాలా థ్యాంక్స్. చూశాను.

నా ప్యానెల్ ఏయూఓ, పార్ట్ నంబర్ బీ156హెచ్‌టీఎన్ అని మొదలవుతోంది. ఆవిడది సీఎంఎన్, ఎన్156హెచ్‌సీఈ.

అడుగు మూత కూడా తీశాను. ఇప్పుడున్న ఎస్‌ఎస్‌డీ పొట్టిది, 2242. దాని చివర ఒక లోహపు పట్టీ బిగించి ఉంది, ఆ పట్టీ అవతలి స్క్రూ దాకా వెళ్తోంది. స్టిక్కర్ మీద ఎన్‌వీఎంఈ అని ఉంది. పట్టీ తీస్తే పొడవుది పడుతుందనుకుంటా. పైన బూడిద రంగు మెత్తటి పట్టీ కూడా ఒకటి అతికించి ఉంది.

పిక్సెల్‌పిచ్చి

అదిగో, దొరికింది. ఏయూఓ నంబర్లలో హెచ్ తర్వాత టీ ఉంటే టీఎన్, ఏ ఉంటే వాళ్ల ఐపీఎస్ తరహా ప్యానెల్. మీది టీఎన్, పక్క నుంచి చూస్తే రంగులు మారిపోయే చవక రకం. ఆవిడది ఐపీఎస్, ఎటు నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం. మీరు మూతను కొంచెం వెనక్కి వంచితే పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా కనపడుతుంది చూడండి. అదీ లెక్క.

వానచినుకు

నిజమే! కుర్చీలో కాస్త జారబడి కూర్చుంటే నల్ల అక్షరాలు మధ్యలో ఒకలా పైన ఒకలా కనపడతాయి. నా కళ్లే అలా అనుకున్నా ఇన్నాళ్లూ.

స్క్రూడ్రైవర్

2280 పడుతుంది. ఆ పట్టీ పొట్టి కార్డును పొడవు స్క్రూకి అందించడానికే. మెత్తటిది థర్మల్ ప్యాడ్, చింపకుండా తీసి కొత్త దాని మీద పెట్టండి. దుమ్ము అంటితే సరిగ్గా పని చేయదు.

పని వరస ఇది. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డ్రైవ్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ వేరే చోట దాచుకుని, దాన్ని ఆఫ్ చేయండి. తర్వాత కొత్త కార్డును యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (యూఎస్‌బీతో తగిలించే డబ్బా) పెట్టి క్లోన్ చేసుకోండి, అంటే పాతదాన్ని మొత్తం యథాతథంగా కాపీ చేసుకోండి. షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని చేయండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. అడుగు మూత తీశాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. తర్వాతే ఏదైనా ముట్టుకోండి. స్క్రూలు ఏ చోటివి ఆ చోటనే పెట్టుకోండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే చేతులు పెట్టుకునే భాగం మీద బుడిపె లేస్తుంది, కొన్నిసార్లు బోర్డు కూడా పోతుంది. మూత రాకపోతే బలం పెట్టకండి, రబ్బరు కాళ్ల కింద స్క్రూ దాగి ఉంటుంది.

ఖాళీజాగా

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాకు క్లోన్ వద్దు, కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ తాజాగా వేసుకుందామని చూస్తే ఇన్‌స్టలేషన్‌లో డ్రైవే కనపడట్లేదు. బయోస్‌లో మాత్రం పేరు చూపిస్తోంది. కార్డు పాడైందా?

లినక్స్‌లచ్చన్న

ఇంటెల్ 11వ తరం లేదా తర్వాతిదా? అయితే వీఎండీ, డ్రైవ్‌లను తన చేతిలోకి తీసుకునే ఇంటెల్ సెట్టింగ్. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేయండి, లేదా ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుని ఇన్‌స్టలేషన్‌లో "లోడ్ డ్రైవర్" నొక్కండి. కార్డు బాగానే ఉంది. అయితే పాత విండోస్ ఉన్న డిస్క్‌తో వీఎండీ ఆఫ్ చేస్తే అది బూట్ కాకపోవచ్చు, కొత్తగా వేసుకునేవాళ్లకే ఆ మార్గం.

ఖాళీజాగా

12వ తరం. ఆఫ్ చేయగానే వచ్చింది. దండాలు అన్నా.

పిక్సెల్‌పిచ్చి

ఇక ప్యానెల్. చినుకు గారూ, "మీ మోడల్‌కి సరిపోయే స్క్రీన్" అని వెతక్కండి. అలా వెతికితే మళ్లీ అదే టీఎన్ ఇస్తారు. పార్ట్ నంబర్ పెట్టి వెతకండి, చివరి అంకెలతో సహా. మొదటి అక్షరాలు ఒకటే ఉండి చివరి అంకెలు మారితే రంగుల శాతం, కనెక్టర్, బ్రాకెట్లు అన్నీ మారిపోవచ్చు. ఆవిడ ప్యానెల్ పక్కనే ఉంది కాబట్టి దాని పూర్తి నంబర్ తీసుకోవడం అన్నిటికన్నా భద్రం. అదే బాడీలో పని చేస్తోందని కళ్లముందే రుజువుంది.

ఆ నంబర్‌కి డేటాషీట్‌లో మూడు చూడండి. కనెక్టర్ 30 పిన్నులా, 40 పిన్నులా. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కి మామూలుగా 30, టచ్‌కో 144 హెర్ట్జ్‌కో 40 వాడతారు. వాటికి కేబుల్ కూడా మార్చాలి. రెండోది వెడల్పు. సన్న అంచుల ప్యానెల్ సుమారు 350 మి.మీ., పాత రకం చెవులతో కలిపి 360 దాకా ఉంటుంది. పెద్దది చిన్న దాంట్లో పట్టదు. మూడోది, పక్కల స్క్రూ చెవులున్నాయా, లేక వెనక సాగే టేపుతో అతికిస్తారా.

ఇంకా 1366 బై 768 స్క్రీన్ ఉన్నవాళ్లు ఫుల్ హెచ్‌డీకి మారాలనుకుంటే ఒక మెలిక ఉంది. ఆ చిన్న రిజల్యూషన్‌కి ఈడీపీ (బోర్డు నుంచి తెరకు బొమ్మ పంపే కనెక్షన్) లేన్ ఒక్కటి చాలు కాబట్టి కొన్ని కేబుళ్లలో ఒక్క లేన్‌కే తీగలు వేస్తారు. ఫుల్ హెచ్‌డీకి మామూలుగా రెండు కావాలి. ప్యానెల్ మార్చి కేబుల్ మార్చకపోతే నల్ల తెరే గతి.

తలనొప్పి

రంగుల గురించే మాట్లాడుతున్నారు, మినుకుమినుకు గురించి ఎవరూ ఎత్తలేదు. కొన్ని ప్యానెళ్లలో బ్రైట్‌నెస్ తగ్గించడమంటే బ్యాక్‌లైట్‌ను సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగించడమే, పీడబ్ల్యూఎం. చాలామందికి తెలియదు. నాలాంటివాళ్లకి సాయంత్రానికి కళ్లు పీకుతాయి. సెకనుకు 200 సార్లు కొట్టుకునే ప్యానెల్ నాకు అస్సలు పడదు. వేలల్లో ఉంటే ఇబ్బంది లేదు. ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో 240 హెర్ట్జ్ ఉండేది, రంగులు చూసి మురిసిపోయి తెచ్చుకుని తిరిగిచ్చేశాను.

చూసుకోవడం తేలిక. బ్రైట్‌నెస్ 20 శాతానికి తగ్గించి, తెల్ల పేజీ తెరిచి, ఫోన్ కెమెరాలో ప్రో మోడ్‌లో షట్టర్ వేగం బాగా పెంచి చూడండి. అడ్డంగా నల్ల చారలు కనపడితే ఉన్నట్టే.

పిక్సెల్‌పిచ్చి

మంచి మాట. చినుకు గారూ, ఆవిడ స్క్రీన్ మీదే ఇది కూడా చూసేయండి. పోల్చి చూడ్డానికి నమూనా పక్కనే దొరకడం మీ అదృష్టం.

వానచినుకు

చారలు లేవు. ప్యానెల్ ఆర్డర్ పెట్టాను. ఎస్‌ఎస్‌డీ అయితే వేసేశాను, టీఎల్‌సీదే. బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడానికే చేతులు వణికాయి, మిగతా అంతా ఐదు నిమిషాల పని. 1 టీబీ అని చెప్పి 931 జీబీ చూపిస్తోంది, ఇది మామూలేనా?

లినక్స్‌లచ్చన్న

మామూలే. వాళ్లు వెయ్యిలతో లెక్కపెడతారు, విండోస్ 1024తో. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో "ట్రాన్స్‌ఫర్ మోడ్" చూడండి, అక్కడ ఇప్పుడు నడుస్తున్నదీ, కార్డు చేయగలిగినదీ పక్కపక్కన ఉంటాయి. 3.0 ఎక్స్4 అనో 4.0 ఎక్స్4 అనో రెండు చోట్లా ఒకటే ఉంటే కార్డు పూర్తి వేగంతో నడుస్తున్నట్టు. పెద్ద కాపీ పెట్టి ఉష్ణోగ్రత కూడా చూడండి. 80 డిగ్రీలు దాటితే ప్యాడ్ సరిగ్గా ఆనలేదన్నమాట.

వానచినుకు

రెండు చోట్లా 3.0 ఎక్స్4. వేడి 58 దగ్గర ఆగింది.

ప్యానెల్ కూడా వచ్చింది కానీ వెనక స్టిక్కర్ మీద నేనడిగిన నంబర్ లేదు. అడిగితే "కంపాటిబులే మేడమ్, అదే సైజు, అదే పిన్నులు" అంటున్నారు. పెట్టెయ్యనా?

స్క్రూడ్రైవర్

వద్దు. పైనున్న ప్లాస్టిక్ పొర కూడా తీయకండి, తీస్తే వెనక్కి తీసుకోరు. కంపాటిబుల్ అంటే బొమ్మ వస్తుందనే అర్థం, మీరడిగిన బొమ్మ వస్తుందని కాదు. మీకు మొదట టీఎన్ వచ్చింది కూడా ఈ కంపాటిబుల్ లెక్కలోనే.

పాతకాపు

నేను మానిటర్ కొనుక్కోమన్నది ఇందుకే. ఊరికే గుర్తు చేస్తున్నా.

పిక్సెల్‌పిచ్చి

తిప్పి పంపండి. సరైనది వచ్చాక అతికించకముందే కేబుల్ మాత్రం తగిలించి ఆన్ చేయండి. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒక్కొక్కటి తెరనిండా పెట్టి చుక్కలున్నాయేమో చూడండి. ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు ఉంటాయి, ఒకటి రెండు చెడ్డవుంటే మార్చివ్వడానికి చాలా వారంటీలు ఒప్పుకోవు. చీకటి గదిలో నల్ల తెర పెట్టి అంచుల్లోంచి వెలుతురు కారుతుందేమో కూడా చూసుకోండి. మీరు తల కదిపితే ఆ వెలుగు కూడా మారుతుంటే అది ఐపీఎస్ గ్లో, లోపం కాదు. కదలకుండా ఒకే చోట ఉంటే బ్లీడ్. టేపు ఒకసారి అతికిందంటే మళ్లీ ఊడదీయడంలోనే సగం ప్యానెళ్లు పగులుతాయి.

వానచినుకు

సరైన నంబర్‌ది వచ్చింది, చుక్కలేమీ లేవు, బిగించేశాను. కింద కుడి మూల కొంచెం వెలుతురు కారుతోంది, నల్ల సినిమా సీన్లలో తప్ప కనపడదు. గులాబీ ఎర్రగా ఉంది. ఒక్కటే తేడా: ఫొటోల్లో మనుషుల ముఖాలు ఎండకు కందినట్టు మరీ ఎర్రగా వస్తున్నాయి. ఆవిడ ల్యాప్‌టాప్‌లో అలా లేదు.

పిక్సెల్‌పిచ్చి

ప్యానెల్ తప్పు కాకపోవచ్చు. పాత టీఎన్ కోసం కంపెనీ వేసిన రంగుల ప్రొఫైల్ ఇంకా ఉండి ఉంటుంది, తక్కువ ఎరుపు చూపించే తెరకి సర్దుబాటుగా. కంట్రోల్ ప్యానెల్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఈ డిస్‌ప్లేకి పాత ఐసీసీ (రంగుల ప్రొఫైల్) ఫైలేదైనా తగిలించి ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. కంపెనీ వాళ్ల కలర్ యాప్ ఏదైనా ఉంటే దాన్ని కూడా ఆపండి, అది మళ్లీ తెచ్చి పెడుతుంది.

వానచినుకు

యాపే. ఆపాక ముఖాలు మామూలుగా వచ్చాయి. పాత 256 కార్డును యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడుతున్నా. పాత టీఎన్ ప్యానెల్ బాగానే ఉంది, స్క్రీన్ పగిలినవాళ్లకి ఊరికే ఇచ్చేస్తాను.